బాధితుల పక్కన కూర్చోవడం కూడా ఒక చదువే

1991 ఆగస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్లు దాటీ దాటని ఆడపిల్ల ఒకతె వెక్కి వెక్కి ఏడుస్తోంది. పక్క సీట్లో అరవయ్యేళ్ల విదేశీయుడు. చుట్టూ ఎందరో ప్రయాణికులు. ఒక ఎయిర్ హోస్టెస్ మాత్రం ఆగి, ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో అసలు సంగతి బయటపడింది. ఆ పసిపిల్లకు ఆ ముసలివాడితో నిఖా జరిపించి పంపేశారు. విమానం దిగగానే పోలీసులు అతణ్ణి అదుపులోకి తీసుకున్నారు.

ఆ పిల్ల పేరు కొన్ని నెలలపాటు దేశమంతటా పత్రికల్లో మారుమోగింది. ఈ వ్యాసంలో ఆ పేరు రాయడం లేదు. ఎందుకో తర్వాత చెప్పుకుందాం. ఆమెను ప్రభుత్వ వసతి గృహంలో ఉంచారు. ఎవరి సంరక్షణలో ఉండాలన్న విషయమై కోర్టులో వాదనలు జరిగాయి. పెద్దలందరూ ఆమె గురించే మాట్లాడారు. కానీ ఆమె పక్కన కూర్చుని, "బేటీ, రేపు మనం ఫలానా చోటికి వెళ్తాం, అక్కడ నిన్ను ఇలా అడుగుతారు, భయపడకు" అని ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పే మనిషిని ఏర్పాటు చేయాలన్న నియమం అప్పటి చట్టంలో లేదు.

ఇప్పుడు ఉంది. ఆ పని చేసేవారికి శిక్షణ కూడా ఉంది. చదువుకుంటూనే బాధితుల సేవా కేంద్రాల్లో కొన్ని వారాలో, నెలలో పనిచేసి నేర్చుకునే ఈ శిక్షణను ఇంటర్న్‌షిప్ అంటున్నారు. సామాజిక సేవ చదివే కళాశాలల్లో దీన్నే ఫీల్డ్ వర్క్ అంటారు. మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇంజనీరింగుకు, మెడిసిన్‌కు, కంప్యూటర్ కోర్సులకు పరుగులు తీస్తున్నారు, సంతోషమే. కానీ మజ్లూముల పక్కన నిలబడే ఈ చదువు వైపు చూసేవారు ఎంతమంది? ఈ శుక్రవారం ఆ విషయమే ఆలోచిద్దాం.

మక్కాలో జరిగిన ఒప్పందం

దైవప్రవక్త ముహమ్మద్ (స)కు అప్పటికి ఇంకా ప్రవక్త పదవి లభించలేదు. వయసు సుమారు 20 ఏళ్లు, అంటే నేటి కాలేజీ కుర్రవాళ్ల వయసు. యెమెన్‌లోని జుబైద్ తెగకు చెందిన వర్తకుడొకడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైష్ పెద్దమనిషి సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. పరదేశికి ఆ ఊళ్లో అండ ఎవరున్నారు? అతడు అబూ ఖుబైస్ కొండ ఎక్కి, తనకు జరిగిన అన్యాయాన్ని ఎలుగెత్తి చాటాడు. ప్రవక్త (స) పినతండ్రి జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ చొరవ తీసుకోగా, కొన్ని తెగల వారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా, అతడు ఊరివాడైనా పరాయివాడైనా, హక్కు దక్కేవరకూ అతని వెంట ఉంటామని ప్రమాణం చేశారు. ఇదే హిల్ఫుల్ ఫుజూల్.

ఆ యువకుడు కూడా ఆ ప్రమాణంలో పాలుపంచుకున్నారు. ప్రవక్త అయిన తర్వాత సైతం ఆ రోజును ఎంతో ప్రేమగా గుర్తుచేసుకునేవారు. అలాంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వెళ్తానని సెలవిచ్చారు.

గమనించండి. ఆ ఒప్పందంలో ప్రమాణం చేసింది జాలిపడతామని కాదు, వెంట ఉంటామని. బాధితుల సేవ అనే చదువుకు పునాది కూడా ఈ తేడాయే. జాలి ఒక్క క్షణంలో పుడుతుంది. వెంట ఉండటం మాత్రం నేర్చుకోవాలి.

ఒంటరితనం ఖరీదు

వెంట ఎవరూ లేకపోతే ఏమవుతుందో మన హైదరాబాద్ నగరమే చూసింది. 1978 మార్చిలో సినిమా చూసి భర్తతో తిరిగి వస్తున్న ఒక ముస్లిం మహిళను నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. నిలదీసిన భర్త దెబ్బలకు ప్రాణాలు కోల్పోయాడు. అతడు రిక్షా తొక్కి బతికే మనిషి. నగరం అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

కమిషన్ ముందు ఆ మహిళకు ఎదురైన ప్రశ్నలు ఆ రాత్రి జరిగిన దాని గురించి మాత్రమే కాదు. ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడానికే ఎదుటి పక్షం పాటుపడింది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ తన శీలానికి తానే సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది.

ఆ ఘటన మీదా, మహారాష్ట్రలో మరో బాలికకు జరిగిన అన్యాయం మీదా రేగిన ఆందోళన ఫలితంగా 1983లో చట్టాన్ని సవరించారు. అత్యాచార బాధితురాలి పేరు వెల్లడించడం నేరమైంది. విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలన్న నియమం వచ్చింది. నేటి భారతీయ న్యాయ సంహితలో కూడా పేరు బయటపెడితే రెండేళ్ల వరకూ జైలు శిక్ష ఉంది. పైన ఆ పిల్ల పేరు రాయకపోవడానికి కారణం ఇదే. మన ఇళ్లల్లో, వీధి అరుగుల మీద, ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఇలాంటి పేర్లు ఎంత సులువుగా చేతులు మారుతున్నాయో ఒకసారి గుండె మీద చేయి వేసుకుని ఆలోచించాలి.

శిక్షణలో ఏం నేర్పుతారు?

పోలీస్ స్టేషన్లోనే సామాజిక కార్యకర్త కూర్చోవాలన్న ఆలోచన మన దేశంలో 1984లో ముంబయిలో కార్యరూపం దాల్చింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అక్కడి పోలీస్ కమిషనర్ కార్యాలయంలో స్త్రీలు, పిల్లల కోసం ప్రత్యేక విభాగాన్ని తెరిచింది. మరుసటి ఏడాది, 1985 నవంబరులో, నేర బాధితుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒక ప్రకటన ఆమోదించింది. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత 2015 నుంచి దేశమంతటా సఖి కేంద్రాలు వచ్చాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల ఆశ్రయం అన్నీ ఒకే చోట దొరకాలన్నది వీటి ఉద్దేశం. హైదరాబాద్‌లో పోలీసులు 2016లో భరోసా కేంద్రాన్ని ప్రారంభించారు.

ఇలాంటి చోట అడుగుపెట్టిన విద్యార్థి మొదట నేర్చుకునేది మాట్లాడటం కాదు, మాట్లాడకుండా ఉండటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని ఈ పనిని మూడు మాటల్లో చెబుతుంది: చూడటం, వినడం, కలపడం. ఎదుటి మనిషికి తక్షణం ఏం కావాలో చూడాలి. ఒంటి మీద గాయం ఉందా, ఆకలితో ఉందా, చంటిబిడ్డ ఎక్కడున్నాడు? తర్వాత, ఆమె చెప్పినంత వినాలి. చెప్పనిదాన్ని తవ్వి తీయకూడదు. ఆపైన ఆమెకు అవసరమైన డాక్టరుతో, వకీలుతో, నమ్మకమైన బంధువుతో కలపాలి.

రెండవది, భయంతో దెబ్బతిన్న మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం. ఘోరం అనుభవించిన మనిషి తప్పక ఏడవాలని లేదు. కొందరు బండరాయిలా కూర్చుంటారు. కొందరు నవ్వుతారు. జరిగినదాన్ని వరుసగా చెప్పలేరు. చివర జరిగింది ముందు చెబుతారు, తారీఖు తప్పు చెబుతారు, గది తలుపు రంగు మాత్రం కచ్చితంగా చెబుతారు. తెలియనివారు దీన్ని చూసి అబద్ధమని అనుమానిస్తారు. ఇది గాయపడిన జ్ఞాపకశక్తి స్వభావమని శిక్షణ పొందినవారికి తెలుసు. ఈ బాధ స్త్రీలకే పరిమితం కాదు. 2007 మే 18న, శుక్రవారం, మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. అలాంటి రోజు కళ్లారా చూసిన మగవాడు ఏళ్ల తర్వాత కూడా పెద్ద శబ్దానికి ఉలిక్కిపడితే దాన్ని పిరికితనం అనకూడదు. అది మానని గాయం.

మూడవది, దారి తెలియడం. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టుకునే హక్కుంది. నష్టపరిహారం కూడా ఉంది. జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకూ, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 లక్షల నుంచి 8 లక్షల వరకూ నిర్ణయించారు. దరఖాస్తు చేయవలసింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. ఇది తెలియక అప్పుల పాలైన కుటుంబానికి దారి చూపే చదువుకున్న పిల్ల ఒక్కతె ఆ బస్తీలో ఉంటే చాలు.

పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం మరింత జాగ్రత్త చెబుతుంది. ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండకూడదు. పిల్లవాణ్ణి రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. కోర్టులో నిందితుడు కంటపడకుండా చూడాలి. 2020 నియమాల ప్రకారం బాలల సంక్షేమ సమితి ఆ కుటుంబానికి ఒక సహాయక వ్యక్తిని ఇవ్వవచ్చు. కేసు ముగిసేవరకూ వెంట ఉండటమే ఆ వ్యక్తి పని. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు అమలుపై ఆదేశాలిచ్చింది. తగిన చదువు, అనుభవం లేనిదే ఈ బాధ్యత అప్పగించరు. ఆ అనుభవానికి తొలిమెట్టు ఇంటర్న్‌షిప్.

పేరు లేని అన్సారీ స్త్రీ

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు నీలాపనింద వేసిన ఉదంతం మనందరికీ తెలిసిందే. ఆమె రాత్రింబవళ్లు కన్నీరు ఆగకుండా గడిపారు. ఆ సమయంలో అన్సార్లకు చెందిన ఒక స్త్రీ తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రావచ్చునా అని అనుమతి అడిగింది. అనుమతి దొరికాక వచ్చి, పక్కన కూర్చుని, ఆమెతో పాటు తానూ ఏడ్చింది. బుఖారీ సంకలనంలో ఈ సంఘటన ఉంది. ఆ స్త్రీ పేరు అందులో లేదు. ఆమె ఇచ్చిన సలహా ఏమీ లేదు. అడిగిన ప్రశ్న ఒక్కటే, లోపలికి రావచ్చునా అని. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ కష్టకాలాన్ని వివరించినప్పుడు కూడా హజ్రత్ ఆయిషా (రజి) ఆమెను మరువలేదు.

బాధితుల సేవలో నేటి శిక్షకులు చెప్పేది కూడా ఇదే. అనుమతి అడుగు. పక్కన కూర్చో. తొందరపడి ఓదార్చకు. మనం చేసేది చాలాసార్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. "ఆ వేళప్పుడు బయటికెందుకు వెళ్లావు?" అంటాం. "సబర్ చేసుకో, కిస్మత్" అంటాం. "బయట చెప్తే నీ చెల్లెళ్లకు సంబంధాలు రావు" అంటాం. ప్రవక్త (స) కాలంలో నమాజు కోసం బయలుదేరిన ఒక స్త్రీపై దారిలో అత్యాచారం జరిగిన సంఘటనను వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖించారు. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో అది ఉంది. ఆమె బయటికి ఎందుకు వెళ్లిందన్న నింద అందులో ఎక్కడా కనిపించదు. ఆయన ఆమెకు అల్లాహ్ క్షమాపణ శుభవార్త వినిపించి పంపారు. సబర్ అంటే అన్యాయాన్ని కప్పిపెట్టడం కాదు. సబర్ పేరుతో బాధితురాలి నోరు మూయిస్తే లాభపడేది జాలిమ్ ఒక్కడే.

అమానత్, హద్దులు

ఈ పనిలో చేయకూడనివి కూడా ఉన్నాయి. విన్న మాట అమానత్. అది ఇంట్లో అమ్మీకి కూడా చెప్పకూడదు. కానీ "ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాట ఇవ్వకూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి. తెలిసీ దాచడం నేరం. అందుకే మొదటే నిజం చెప్పాలి: "నిన్ను కాపాడటానికి అవసరమైన వాళ్లకు మాత్రం చెబుతాను బేటా."

ఇంటర్న్ ఇరువర్గాల మధ్య రాజీ కుదర్చడానికి పూనుకోకూడదు. సాక్ష్యం ఇలా చెప్పమని నేర్పకూడదు. అలా చేస్తే నిజమైన కేసు కూడా కోర్టులో దెబ్బతింటుంది. కేసు గెలుస్తామని హామీ ఇవ్వకూడదు. పెద్ద కార్యకర్త పర్యవేక్షణ లేకుండా ఒంటరిగా ఏ ఇంటికీ వెళ్లకూడదు. మరొక ముఖ్య విషయం. ఇతరుల దుఃఖం వింటూ ఉంటే వినేవారి మనసు కూడా అలసిపోతుంది. నిద్ర పట్టదు, కలలు వస్తాయి, చిరాకు పెరుగుతుంది. ఇది బలహీనత కాదు. మంచి కేంద్రంలో విద్యార్థి వారం వారం తన పర్యవేక్షకురాలి దగ్గర మనసు దించుకునే ఏర్పాటు ఉంటుంది. అలాంటి ఏర్పాటు లేని చోట చేరకపోవడమే మేలు.

మన పిల్లలే ఎందుకు?

బాధితులకు మతం లేదు. హిల్ఫుల్ ఫుజూల్‌లో కూడా బాధితుడు పరదేశి. మన పిల్లలు ఈ సేవలోకి వెళ్తే అందరికీ సేవ చేస్తారు. అయినా మన ఇళ్లకు ప్రత్యేకమైన అవసరం ఒకటి ఉంది. దక్కనీ ఉర్దూలో ఏడుస్తూ చెప్పిన మాట తెలుగు కాగితంలోకి ఎక్కేసరికి సగం రాలిపోతుంది. బుర్ఖాలో వచ్చిన స్త్రీ స్టేషన్ మెట్ల దగ్గరే వెనక్కి తిరుగుతుంది. తలాఖ్, మెహర్, ఇద్దత్, ఖులా అనే మాటల బరువు తెలియని వ్యక్తికి ఆమె తన సంసారపు బాధను మొదటినుంచీ విడమర్చి చెప్పుకోవలసి వస్తుంది. "ఖాలా, కూర్చోండి, నీళ్లు తాగండి" అని ఆమె భాషలో పిలిచే గొంతు ఒకటి ఆ గదిలో ఉంటే సగం భయం పోతుంది. పాతబస్తీలో ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన షాహీన్ సంస్థ గృహహింసకు, విదేశీ షేకుల పెళ్లిళ్లకు వ్యతిరేకంగా పనిచేస్తోంది. బస్తీ ఆడపిల్లలే బస్తీ స్త్రీలకు అండగా నిలవగలరని అది చూపింది.

సామాజిక సేవ, న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, నర్సింగ్ చదివేవారు ఈ శిక్షణకు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ సామాజిక సేవా కళాశాల వంటివి ఉన్నాయి. న్యాయ విద్యార్థులు తమ కళాశాల లీగల్ ఎయిడ్ క్లినిక్ ద్వారా జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే దాని కార్యాలయం ఉంటుంది. జాతీయ మహిళా కమిషన్, జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటాయి. కాలేజీ మెట్లెక్కనివారు సైతం న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా శిక్షణ పొందవచ్చు. దరఖాస్తు పెట్టేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: నేర్పేవారెవరు, పర్యవేక్షణ ఎవరిది, పని వేళలు ఏమిటి.

తల్లిదండ్రుల సంకోచం సహజం. "మన అమ్మాయి పోలీస్ స్టేషన్లు, కోర్టుల చుట్టూ తిరగాలా?" అంటారు. ప్రవక్త (స) కాలంలో రుఫైదా (రజి) అనే అన్సారీ మహిళ మస్జిదె నబవీలోనే గుడారం వేసి క్షతగాత్రులకు, తమను చూసుకునే దిక్కులేనివారికి సేవ చేసేవారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ప్రవక్త (స) ఆ గుడారంలోనే ఉంచమన్నారు. మస్జిద్ ఆవరణలో గాయాలకు కట్టు కట్టిన స్త్రీల వారసులు మన ఆడపిల్లలు. అమ్మాయి భద్రత గురించి అడగండి, కేంద్రానికి వెళ్లి చూడండి. సరిగా ఉంటే ఆపకండి. అబ్బాయిలనూ పంపండి. అన్యాయానికి గురైన మగపిల్లవాడు మగవాడి దగ్గరే నోరు విప్పవచ్చు.

మస్జిద్ కమిటీలు కూడా తలచుకుంటే చేయగలిగింది ఉంది. ఇంటర్న్‌షిప్‌లలో చాలావాటికి జీతం ఉండదు. బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం ఖర్చు లేక పేదింటి అమ్మాయి ఆగిపోకుండా నెలకు కొంత సాయం చేయవచ్చు. మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, మానసిక వేదనకు 14416. ఈ అయిదు నంబర్లు వుజూఖానా పక్క గోడమీద రాయించడానికి ఎంతవుతుంది?

ఆనాడు ఆ విమానంలో ఒక్కరు ఆగి అడిగారు కాబట్టి ఒక పిల్ల దేశం దాటిపోకుండా ఆగింది. అడగడం ఎలాగో, అడిగాక వెంట ఉండటం ఎలాగో నేర్చుకున్నవారు ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. ఈ జుమా నమాజు తర్వాత ఇంటికి వెళ్లి, డిగ్రీ చదివే మీ బిడ్డతో ఈ సంగతి ఒక్కసారి మాట్లాడండి. మజ్లూము మొర వినే చెవులను, వెంట నడిచే కాళ్లను అల్లాహ్ మన ఇళ్లకు ప్రసాదించుగాక. ఆమీన్.